ఇంట్లో ఇంక్యుబేటర్: వేడి కుదిరాక మొదలయ్యే అసలు చిక్కు

కోడిగుడ్లు పొదిగించే పెట్టె, అంటే ఇంక్యుబేటర్, సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎన్ని వాట్ల బల్బు పెట్టాలి? ఈ పని మొత్తంలో తేలిగ్గా తేలిపోయే ప్రశ్న అదే. థర్మాకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాన్, వేడిని బట్టి బల్బును వెలిగించి ఆర్పే థర్మోస్టాట్ ఉంటే ఓ పూటలో పెట్టె తయారవుతుంది. మీటర్ మీద 37.7 డిగ్రీలు కనబడుతుంది. ఇరవై ఒక్క రోజులయ్యాక పన్నెండు గుడ్లలో నాలుగు పిల్లలు లేస్తాయి, మిగతావి పగలగొట్టి చూస్తే నిండా పెరిగిన పిల్లలే లోపల చచ్చి ఉంటాయి. వేడి సరిగ్గానే ఉంది కదా అని జుట్టు పీక్కుంటాం. మన తిరుపతి, చిత్తూరు వైపు వాతావరణంలో ఈ చావులకు ఎక్కువసార్లు కారణం వేడి కాదు, తేమ. దాని గురించి వీడియోల్లో చెప్పేది ఒకటి రెండు ముక్కలే. అదీ ఇంకెక్కడి వాతావరణానికో సరిపోయేది.

ముందు ఈ తంటా ఎందుకో చూద్దాం. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. మూడు వారాల పొదుగు, ఆపైన నెలల తరబడి పిల్లల్ని వెంటేసుకుని తిరగడం. అందుకే ఏడాదికి మూడు నాలుగు విడతలు మించవు, గుడ్లు 50, 60 దగ్గరే ఆగిపోతాయి. గుడ్లు తీసేసి పొదుగు మాన్పిస్తే కొద్ది వారాల్లోనే మళ్లీ గుడ్డుకు వస్తుంది. సంగటిలోకి నాటుకోడి పులుసు ఉండాల్సిందేనని పట్టుబట్టే జిల్లాలో ఆ తేడా చిన్నదేం కాదు. ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలకు పొదుగు గుణం లేదు. వాటి గుడ్లకు నాటు పెట్ట అయినా దొరకాలి, పెట్టె అయినా ఉండాలి. అయితే అవి సంకరజాతులు కాబట్టి వాటి పిల్లలన్నీ తల్లిలాగే వస్తాయని ఆశపెట్టుకోకూడదు.

అంగడి గుడ్లతో ప్రయత్నించేవాళ్లు ఇంకా ఉన్నారు. లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్లను ఎంత పొదిగినా పిల్ల రాదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు తిరిగే చోట నుంచే గుడ్లు తెచ్చుకోవాలి. వారం లోపువి అయితే మేలు. కడగకూడదు, ఎందుకంటే పెంకు మీద కంటికి కనబడని పూత ఒకటి ఉంటుంది. అది పోతే పెంకు రంధ్రాల్లోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి.

గుడ్లు కూడబెట్టే రోజుల్లోనే సగం నష్టం జరిగిపోవచ్చు. పిండం ఎదగకుండా నిద్రలో ఉండాలంటే 20 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. 13 నుంచి 18 డిగ్రీలు అయితే మంచిది. ఏప్రిల్‌లో తిరుపతిలో వంటింటి అలమర 34, 35 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి పిండం సగం మేలుకుంటుంది, సక్రమంగా పెరగనూ లేదు, నిద్రపోనూ లేదు. వారం తర్వాత పెట్టెలో పెట్టేసరికి అది సగం చచ్చినట్టే. ఫ్రిజ్‌లో పెడదామంటే అక్కడ నాలుగైదు డిగ్రీలు, అదీ పనికిరాదు. పెద్దవాళ్లు రాగుల్లోనో బియ్యంలోనో గుడ్లు దాచేవారు. దానివల్ల ఎండ, పగటి వేడి హెచ్చుతగ్గులు నేరుగా తగలవు కానీ గది వేడిగా ఉంటే రాగులూ వేడెక్కుతాయి. తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో, సన్న మొన కిందికి వచ్చేలా గుడ్లు పెట్టి, పైన పలచటి గుడ్డ కప్పడం ఇంతకన్నా నయం. ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజులకు మించి కూడబెట్టకపోవడమే తెలివి.

ఇక బల్బు. చేపలు, పండ్లు వచ్చే మామూలు థర్మాకోల్ పెట్టె, అర మీటరు పొడవు, అంగుళం మందం అనుకుందాం. గది 27 డిగ్రీల దగ్గర ఉంటే ఆ పెట్టె గోడల్లోంచి, గాలి రంధ్రాల్లోంచి పోయే వేడి 15, 20 వాట్లే. కాబట్టి 100 వాట్ల బల్బు అక్కర్లేదు. 25 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బులు రెండు సమాంతరంగా కలిపితే చాలు, ఒకటి మాడిపోయినా రెండోది నెట్టుకొస్తుంది. ఎల్‌ఈడీ బల్బు ఇక్కడ దండగ, అది వెలుగు కోసం చేసింది, వేడి కోసం కాదు. మూడు వారాలకు కాలే కరెంటు తొమ్మిది పది యూనిట్లు. బల్బుకు ముందు పాలపొడి డబ్బా రేకు అడ్డం పెట్టాలి, లేకపోతే దగ్గర గుడ్లకు బల్బు సెగ నేరుగా కొట్టి అవి ఉడుకుతాయి, దూరం గుడ్లు చల్లగా ఉంటాయి. బల్బుకూ థర్మాకోల్‌కూ మధ్య కనీసం నాలుగైదు అంగుళాల జాగా ఉండాలి. థర్మాకోల్ 80, 90 డిగ్రీలకే మెత్తబడిపోతుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం.

కావలసిన వేడి ఎంత అనే దానికి రెండు జవాబులు వినబడతాయి, రెండూ నిజమే. ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.8, అంటే ఫారెన్‌హీట్‌లో 99.5 నుంచి 100. ఫ్యాన్ లేని పెట్టెలో గుడ్డు పైభాగం ఎత్తున కొలిస్తే 38.3 నుంచి 38.9. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి ఫ్యాన్ లేనప్పుడు గుడ్డు పైన ఒక వేడి, కింద ఒక వేడి ఉంటుంది. పైన 38.5 ఉంటే గుడ్డు నడుమ సరిగ్గా వస్తుందని లెక్క. ఈ రెండు అంకెల్ని కలిపేసి, ఫ్యాన్ పెట్టెకు 38.8 సెట్ చేసి గుడ్లు పాడుచేసుకునేవాళ్లు తక్కువేం కాదు. పన్నెండు వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టి ఈ గొడవ వదిలించుకోవడమే మంచిది. అది ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, బల్బుతో పాటు ఆరిపోకూడదు. సెన్సర్ వైరు గుడ్ల పైఎత్తున, బల్బు సెగ, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట వేలాడాలి.

ఆ సెన్సర్ చూపే అంకె నిజమేనా? థర్మామీటర్ లేని కాలంలో ఈజిప్టులో మట్టి పొయ్యిల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించేవాళ్లు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి పసిగట్టేవారు. మనకు అంత నేర్పు అక్కర్లేదు, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉంటుంది. అది కచ్చితంగా పనిచేసేదే సరిగ్గా మనకు కావలసిన 37, 38 డిగ్రీల దగ్గర. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, థర్మోస్టాట్ సెన్సర్ కొన, జ్వరం థర్మామీటర్ కొన పక్కపక్కనే ముంచి చూడండి. తేడా అర డిగ్రీ ఉన్నా సరిచేయాలి. బజార్లో తేలిగ్గా దొరికే డబ్ల్యూ1209 అనే థర్మోస్టాట్ బోర్డులో ఆ సవరణకు పి4 అనే సెట్టింగ్ ఉంది.

అదే బోర్డులో పి1 సంగతి కూడా చూడాలి. బల్బు ఆరినప్పటి వేడికీ మళ్లీ వెలిగేటప్పటి వేడికీ మధ్య తేడా అది. కొత్త బోర్డులో అది రెండు డిగ్రీల మీద ఉంటుంది, దాన్ని 0.2కు దించుకోవాలి. పి0 అనేది హెచ్ (వేడిచేసే పద్ధతి) మీద ఉండాలి. సి (చల్లబరిచే పద్ధతి) మీద ఉంటే వేడి పెరిగాక బల్బు వెలుగుతుంది. బోర్డు అడుగున టంకం చుక్కలు బయటికే ఉంటాయి, వాటిలో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. పక్కనే నీళ్ల గిన్నె. కాబట్టి బోర్డును ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పెట్టెకు బయట పెట్టాలి. వైరింగ్ తెలియకపోతే ఓ అరగంట ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చేయించుకోవడంలో నామోషీ లేదు.

బోర్డులో బల్బును వెలిగించి ఆర్పే స్విచ్చును రిలే అంటారు, అది చెడిపోయే తీరు కూడా తెలుసుకోవాలి. వేలసార్లు ఆన్ ఆఫ్ అయ్యాక రిలే కడ్డీలు అతుక్కుపోతే బల్బు ఆరదు, రాత్రికి రాత్రే పెట్టె 42, 43 దాటుతుంది. పిండం చలిని కొంతసేపు ఓర్చుకుంటుంది, వేడిని ఓర్చుకోదు. 40.5 డిగ్రీలు కొన్ని గంటలుంటే చాలు, మొత్తం పోతుంది. అందుకే బల్బు లైనులోనే వరుసగా ఇంకో థర్మోస్టాట్ పెట్టి దాన్ని 38.5కి సెట్ చేసి వదిలేయండి. మొదటిది మొండికేస్తే రెండోది కత్తిరిస్తుంది. ఖర్చు కొన్ని వందలు. నా లెక్కలో ఫ్యాన్ తర్వాత దీనిదే రెండో స్థానం.

ఇప్పుడు తేమ. మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం. ఈ అంకెలు అందరూ చెబుతారు. ఎందుకో చెప్పరు.

గుడ్డు పెంకు నిండా వేల రంధ్రాలు. వాటిలోంచి గుడ్డులోని నీరు కొద్దికొద్దిగా ఆవిరై బయటికి పోతుంది, ఆ మేరకు లావు వైపున ఉండే గాలి గది పెద్దదవుతుంది. ఇరవయ్యో రోజు చుట్టుపక్కల పిల్ల ముక్కుతో ఆ గదిలోకి పొర చీల్చుకుని మొట్టమొదటి ఊపిరి తీసుకుంటుంది. ఆ తర్వాతే పెంకు పొడుస్తుంది. పెట్టెలో తేమ మరీ ఎక్కువైతే నీరు తగినంత పోదు, గాలి గది చిన్నగా ఉండిపోతుంది, పిల్ల ఉబ్బి తిరగడానికి చోటు లేక ఊపిరాడక లోపలే పోతుంది. మరీ తక్కువైతే పొర ఎండి తోలులా పిల్లకు అతుక్కుంటుంది. నిండా పెరిగి లోపలే చచ్చిన పిల్లలకు కారణం చాలాసార్లు ఈ రెండింటిలో ఒకటి.

మన ఊరి గాలి ఇక్కడే బోల్తా కొట్టిస్తుంది. తేమ శాతం అంటే గాలిలో ఉన్న ఆవిరి ఎంత అని కాదు, ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగిన దానిలో ఎంత వంతు ఉందని. గాలి వేడెక్కేకొద్దీ పట్టే శక్తి పెరుగుతుంది, కొత్తగా ఆవిరి చేరకపోతే శాతం పడిపోతుంది. జనవరి తెల్లవారుజామున పలమనేరు వైపు 18 డిగ్రీలు, 90 శాతం తేమ, బయటంతా మంచు అనుకోండి. ఆ గాలే పెట్టెలోకి పోయి 37.7కి వేడెక్కితే తేమ 28 శాతానికి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఇంట్లో 36 డిగ్రీలు, 30 శాతం అనుకోండి. పెట్టెలో అది 27 శాతం. మంచు కురిసే తెల్లవారుజామూ నిప్పులు చెరిగే మధ్యాహ్నమూ పెట్టెలోకి పంపేది ఒకే రకం ఎండు గాలి. నవంబర్‌లో అల్పపీడనం పట్టి ముసురేసినప్పుడు మాత్రం 26 డిగ్రీల దగ్గర 90 శాతం ఉంటుంది, అది పెట్టెలో 46 శాతం అవుతుంది. అంటే మొదటి 18 రోజులు గిన్నెలో చుక్క నీళ్లు పోయకపోయినా సరిపోతుంది. అలాంటి రోజుల్లో వీడియోలో చెప్పారని గిన్నె నింపితే గుడ్లను చేతులారా ముంచినట్టే. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉంటాయి కాబట్టి ఒకే విడత మధ్యలో వాతావరణం రెండు మూడుసార్లు తిరగబడుతుంది. "ఇన్ని నీళ్లు పోయండి" అనే సూత్రం ఇక్కడ చెల్లదు.

తేమ పెంచేది నీళ్ల లోతు కాదు, నీళ్ల వెడల్పు. లోతు గిన్నె నిండా నీళ్లున్నా ఆవిరయ్యేది పైపొరే. తేమ చాలకపోతే వెడల్పాటి పళ్లెం పెట్టాలి, లేదా నీళ్లలో స్పాంజి ముక్క నిలబెట్టాలి. ఎక్కువైతే పళ్లెంలో సగం మూసేయాలి. తేమ మీటర్లు చౌకవి పది శాతం అటూఇటూ చూపించడం మామూలే. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేటన్ని నీళ్లు చిలకరించి, మీటర్‌తో కలిపి గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున అది 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ ఏడు తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంతకన్నా నమ్మకమైన మీటర్ గుడ్డే. పద్దెనిమిదో రోజుకు గుడ్డు తన బరువులో 12 శాతం దాకా కోల్పోవాలి. నాటు గుడ్లు 45 గ్రాముల చొప్పున పన్నెండు పెట్టారనుకోండి, మొత్తం 540 గ్రాములు. 18 రోజులకు 65 గ్రాములు తగ్గి 475 దగ్గరికి రావాలి, అంటే రోజుకు మూడున్నర గ్రాముల పైచిలుకు. ఏడో రోజు తూచితే 515 దగ్గర ఉండాలి. 525 ఉంటే నీళ్ల పళ్లెం తీసేయండి, 500 ఉంటే ఇంకో పళ్లెం పెట్టండి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మధ్యలో మురిగిన గుడ్డు తీసేస్తే దాని బరువును మొదటి లెక్కలోంచి కూడా తీసేయాలి. తేమ మీటర్ అబద్ధం చెప్పినా, వాన వచ్చినా, ఎండ కాసినా ఈ లెక్క తప్పదు.

ఎండాకాలంలో ఇంకో అడ్డంకి ఉంది. థర్మోస్టాట్ బల్బును ఆర్పగలదు కానీ పెట్టెను చల్లబరచలేదు. మధ్యాహ్నం రేకుల షెడ్డులో 41 డిగ్రీలుంటే బల్బు ఆరి ఉన్నా పెట్టె కూడా 41కే పోతుంది. ఇంట్లో కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా ఉన్న గది ఉంటే ప్రయత్నించవచ్చు. లేకపోతే ఏప్రిల్, మే నెలలు వదిలేయడమే నయం. పైగా ఆ ఎండలకు పుంజుల్లోనూ సత్తువ తగ్గుతుంది, గుడ్లలో బీజం నిలిచేవే తక్కువ.

కరెంటు పోతే టెన్షన్ పడేవాళ్లకు ఒక ఊరట. పొదుగు కోడి కూడా మేతకు, నీళ్లకు రోజూ కాసేపు గుడ్లు వదిలి లేస్తుంది. అరగంట, గంట కరెంటు పోయినంత మాత్రాన కొంపలు మునగవు. మూత తెరవకుండా దుప్పటి కప్పితే చాలు, గాలి రంధ్రాలు మాత్రం పూర్తిగా మూయకూడదు. పెట్టె అడుగున మూత బిగించిన రెండు మూడు నీళ్ల సీసాలు పడుకోబెడితే అవి వేడిని పట్టి ఉంచుతాయి, మామూలప్పుడు కూడా హెచ్చుతగ్గులు తగ్గుతాయి. ఇంకా ఎక్కువసేపు పోయే ఊళ్లలో ఇన్వర్టర్ లైనుకు కలుపుకోవాలి.

గుడ్లు తిప్పడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. రోజుకు కనీసం మూడుసార్లు, వీలైతే ఐదుసార్లు. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రంతా ఒకే పక్క ఉండిపోయే గుడ్డు మర్నాటి రాత్రి రెండో పక్కకు మారుతుంది. పెన్సిల్‌తో ఒకవైపు సున్నా, ఇంకోవైపు ఇంటూ గుర్తు వేసుకుంటే పొరపాటు రాదు. తిప్పకపోతే పిండం పొరకు అతుక్కుపోతుంది. ఏడో రోజు చీకట్లో మొబైల్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూస్తే సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనబడాలి. ఏమీ లేకుండా తేటగా ఉంటే బీజం లేని గుడ్డు. నెత్తుటి ఉంగరంలా కనబడితే పిండం మొదట్లోనే పోయింది. రెండూ తీసేయాలి, లేకపోతే కుళ్లి పెట్టెలోనే పగులుతాయి.

రెండో వారం దాటాక పెట్టె తీరు మారుతుంది. పిండాలు సొంతంగా వేడి పుట్టిస్తాయి, బల్బు తక్కువసార్లు వెలుగుతుంది, గాలి అవసరం పెరుగుతుంది. మొదట్లో అరా కొరా తెరిచిన గాలి రంధ్రాలు అప్పటికి పూర్తిగా తెరవాలి. తేమ బయటికి పోతుందేమోనని చివరి రోజుల్లో రంధ్రాలకు టేపు అంటించే అలవాటు చాలామందికి ఉంది. ప్రాణవాయువు ఎక్కువ కావాల్సింది అప్పుడే. తేమ కావాలంటే పళ్లెం పెంచండి, రంధ్రాలు మూయకండి.

పద్దెనిమిదో రోజు తిప్పడం ఆపి, గుడ్ల కింద గరుకు గుడ్డ పరిచి, తేమ పెంచి మూత వేశాక ఇక తెరవకూడదు. బుధవారం పెడితే మూడో బుధవారానికి పిల్లలు లేస్తాయి, పెట్టిన రోజును లెక్కలోకి తీసుకోకూడదు. పెంకు మీద మొదటి చీలిక పడ్డాక పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆ మధ్యలో అది ఊరికే ఉన్నట్టు కనబడినా లోపల పొరలోని నరాల్లోంచి నెత్తురు ఒంట్లోకి చేరుతుంటుంది, పచ్చసొన మిగులు కడుపులోకి పోతుంటుంది. జాలిపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారి చస్తుంది. మూత తెరిస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి, చీలిక పడ్డ మిగతా గుడ్లలో పొర ఎండిపోతుంది. బయటికొచ్చిన పిల్లలకు ఆకలేస్తుందని కంగారు అక్కర్లేదు, పచ్చసొన బలంతో రెండు రోజుల దాకా ఉండగలవు. ఒళ్లు ఆరి నూగు విచ్చుకున్నాక ఒకేసారి తీయండి.

లేవని గుడ్లను పారేయకుండా పగలగొట్టి చూడాలి. పిల్లలన్నీ పంతొమ్మిది, ఇరవై రోజులకే లేచి ఉంటే వేడి కాస్త ఎక్కువైంది. ఇరవై రెండు, ఇరవై మూడుకు సాగితే తక్కువైంది. లేవని పిల్ల ఉబ్బి, చుట్టూ నీరుంటే మొదటి 18 రోజుల్లో తేమ ఎక్కువ. పొర అతుక్కుని చిన్నగా ఎండి ఉంటే తక్కువ. తొలి వారంలోనే చాలా పోయి ఉంటే పెట్టెను తప్పుపట్టకండి, గుడ్లు నిల్వ ఉంచిన చోటు చూడండి.

లేచిన పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. కొక్కెర తెగులు (రాణికేట్) టీకా వారం లోపే పశువైద్యశాలలో అడిగి వేయించాలి. పెట్టెలో మిగిలిన పెంకులు, నూగు ఊడ్చి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి ఎండలో ఆరబెట్టాకే మళ్లీ గుడ్లు పెట్టాలి. థర్మాకోల్ గుంతల్లో మురికి దాక్కుంటుంది. మొదటిసారే లోపల ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటే విడత విడతకూ దాన్ని పీకి కొత్తది వేసుకోవచ్చు.